మూత పెట్టకూడని గొట్టం

"పిచ్చి ముసల్ది" అన్నాడాయన. ఆ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది.

ఆయన తప్పేమీ లేదని మా ఆవిడ అంటోంది. లేకపోవచ్చు. సిడ్నీలో హారిస్ పార్క్ అనే పేటలో కొత్తగా కట్టిన మూడంతస్తుల ఫ్లాట్లకి ఆయన కమిటీ సెక్రటరీ. కంప్యూటర్ ఉద్యోగం మీద వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఈ చుట్టుపక్కల మన తెలుగువాడే ఒక ప్లంబరున్నాడని ఎవరో చెబితే సరదాపడి ఫోన్ చేశాడు. వెళ్ళాను. వెనకవైపు బట్టలారేసే తీగల పక్కన, కంచె వారగా, నేలలోంచి జానెడు పైకి లేచిన తెల్ల పైపు చూపించాడు. దాని మీద ఎర్ర పెయింటుతో ఇంగ్లీషులో 'వెంట్ పైపు, మూయరాదు' అని రాసుంది, అంటే గాలి గొట్టమని. వానకి ముందు అది ఊళ వేస్తోందట, పిల్లలు జడుసుకుంటున్నారట. బిల్డింగు డ్రాయింగు కూడా తెచ్చి చూపించాడు, ఈ పైపు ఏ డ్రైనుకీ కలవలేదని.

"ఇదివరకు ఇక్కడెవరో జపాన్ పిచ్చి ముసల్ది ఉండేదటండి. ఆవిడ పాతించుకుందట. ఓ మూత పెట్టేద్దురూ, రెండు నిమిషాల పని."

ఆ ఎర్ర అక్షరాలు నేను రాసినవి. ఆ పైపు పాతింది నేను. దానికి ఒకసారి మూత పెట్టింది కూడా నేనే, ఆయన చెప్పినట్టు రెండు నిమిషాల్లోనే పెట్టాను. ఆయనకి ఏం జవాబు చెప్పానో తర్వాత చెబుతాను. ముందు ఆవిడ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆవిడ పేరు నాకు తెలుసు. రాయను. యుద్ధం అయిపోయాక జపాన్‌లో కాపలా ఉన్న ఆస్ట్రేలియా సిపాయిని పెళ్ళి చేసుకుని వచ్చిన మనిషి. ఓడ దిగిన రోజే అత్తగారు పలకడానికి వీలుగా ఉండాలని ఒక ఇంగ్లీషు పేరు పెట్టిందట, తెచ్చుకున్న కుక్కపిల్లకి పెట్టినట్టు. ముప్ఫై అయిదేళ్ళు ఇక్కడివాళ్ళు ఆ పేరుతోనే పిలిచారు. మొగుడు పోయాక ఉత్తరాలు కూడా ఆ పేరుతోనే వచ్చేవి. అసలు పేరు నాకు ఒక్కసారి చెప్పింది, నేను నాలుగు రకాలుగా పలికాను, నాలుగూ తప్పే. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇప్పుడు దాన్ని తెలుగులో ఇంకో రకంగా పాడు చెయ్యడమెందుకు? ఆవిడ అంటే చాలు.

నా సంగతి రెండు ముక్కలు. గోదావరి జిల్లావాణ్ణి. పాలిటెక్నిక్ డిప్లొమా చదివి, పంచాయతీలకి నూతులు తవ్వించే ఉద్యోగం చేశాను. మా ఆవిడ నర్సు. తన ఉద్యోగం మీద ఎనభైల ఆఖర్లో సిడ్నీ వచ్చాం. ఇక్కడివాళ్ళు నా డిప్లొమాని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా నా చేతికే తిరిగిచ్చారు. ఒక ప్లంబరు దగ్గర పనికి కుదిరాను. నాకు కోపం పుట్టుకతోనే ఉంది, ఆ కాగితం తిరిగి చేతిలో పెట్టాక ముదిరింది.

మొదటిసారి ఆవిడ ఇంటికి వెళ్ళింది వంటింటి కొళాయికి వాషరు మార్చడానికి. జనవరి నెల, రోడ్డు మీద తారు కరుగుతోంది. మెయిన్ వాల్వు కట్టెయ్యబోతుంటే ఒక్క నిమిషం ఆగమంది. కొళాయి ఎదురుగా నిలబడి, నడుం దాకా వంగి, దానితో ఏదో చెప్పింది. నేను స్పానరు పట్టుకుని చూస్తున్నాను. అయ్యాక ఇప్పుడు కట్టుకో అంది. ఏమిటిదని అడిగితే, చెప్పకుండా నీళ్ళు ఆపితే ఆమెకి కష్టంగా ఉంటుంది కదా అంది. ఆమె ఎవరంటే, మిజుహానోమె. నీళ్ళ దేవత. మీ దేశంలో నీళ్ళకి దేవత లేదా అని అడిగింది. నేను ఛాతీ విరుచుకుని క్రిస్టియన్ని అని చెప్పాను.

ఆవిడ కొళాయినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"క్రిస్టియన్లు నీళ్ళు తాగరా?"

వెటకారం కాదు. తెలియక, తెలుసుకుందామని అడిగింది. అందుకే నాకు ఇంకా మండింది. వాషరు బిగించి, సంతకం పెట్టించుకుని వచ్చేశాను. దారంతా వ్యాన్లో నాలో నేనే వాదించుకున్నాను.

ఆ రోజు ఆవిడకి చెప్పాల్సింది ఒకటుంది. మా అమ్మ మా ఊరి చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. నాన్న సంఘపెద్ద. మా అక్క పురిటికి వచ్చినప్పుడు, ఇరవై ఒకటో రోజు పొద్దున్న నాన్న ఊళ్ళోకి వెళ్ళేదాకా ఆగి, మా అమ్మ నూతి ఒరకి ఇంత పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, బెల్లం ముక్క పెట్టి, అక్క చేత చేదతో నీళ్ళు తోడించింది. నేను చూశాను. ఇదేంటమ్మా అంటే, నీళ్ళకి కోపం రాకూడదురా, నోరు మూసుకో అంది. నోరు మూసుకునే ఉన్నాను. ఆ జపాన్ మనిషి దగ్గర కూడా మూసుకునే ఉన్నాను, నా పరువేదో పోతుందన్నట్టు.

ఆవిడ పెరట్లో నుయ్యి ఉండేది. ఈ పేటలో పాతకాలం ఇళ్ళు కొన్నిటికి ఉండేవి, ఇటుకలతో కట్టినవి. ఇల్లు కొన్నప్పుడు దాని మీద పుచ్చిపోయిన చెక్కలూ ముళ్ళకంపా ఉన్నాయట. ఉందని మొగుడికే తెలియదు. కంప కొడుతుంటే బయటపడింది. ఆ రోజు ఏడ్చానని ఆవిడ చెప్పింది. వాళ్ళది కొండ ఊరు. ఊట పుట్టే చోట దేవత గుడి, రాతి తొట్టి, పూజారి, పండగలు. గుళ్ళోకి వెళ్ళేముందు తొట్టి దగ్గర ఎడం చెయ్యి, కుడి చెయ్యి, ఆ తర్వాత నోరు కడుక్కోవాలి. ఇక్కడ గుడీ లేదు, పూజారీ లేడు. నుయ్యి దొరికింది.

రోజూ పొద్దున్నే మొగుడి పాత క్రికెట్ టోపీ నెత్తిన పెట్టుకుని వెళ్ళేది. చిన్న గిన్నెల్లో ఉప్పు, కడిగిన బియ్యం, నీళ్ళు. రెండుసార్లు వంగడం, రెండు చప్పట్లు, మళ్ళీ ఒకసారి వంగడం. నూతి చుట్టూ గడ్డితాడు కట్టి, దానికి తెల్లకాగితాలు మడతలు మడతలుగా వేలాడదీసేది. గడ్డేమో మొక్కల దుకాణం నుంచి పెట్టెల్లో వచ్చేది, కూర్చుని తనే పేనేది. నూతి ఒర మీద నేనొకసారి స్పానరు పెడితే రెండు చేతులతో ఎత్తి నేల మీద పెట్టింది. ఇనుము ఆమెకి పడదట. నూతిలోకి తొంగి చూసి అరవకూడదు. ఉమ్మకూడదు. మా ఊళ్ళో నూతులు తవ్వించినవాణ్ణి, నాకు ఈవిడ నేర్పేదేమిటని లోపల గొణుక్కునేవాణ్ణి.

ఏదో ఒక వంకతో మా బాసుని పిలిచేది, బాసు నన్ను పంపేవాడు. కొన్నాళ్ళకి నేనే ఆ వీధిలోంచి వెళ్ళేటప్పుడు ఆగేవాణ్ణి. కోప్పడటానికి ఆగేవాణ్ణేమో. వాన పడకపోతే ఆవిడ పండ్ల పెట్టె చెక్క తీసుకుని, బొగ్గుతో నల్ల గుర్రం బొమ్మ గీసి నూతి దగ్గర కట్టేది. వానలు ఆగకపోతే సున్నంతో తెల్ల గుర్రం. పూర్వం రాజులు ఆ దేవత గుళ్ళకి నిజం గుర్రాలే ఇచ్చేవారట, వాన కావాలంటే నల్లది, ఎండ కావాలంటే తెల్లది. మరి చారల గుర్రం గీస్తే ఏమవుతుందని ఏడిపించాను. ఆవిడ తల పక్కకి వంచి చాలాసేపు ఆలోచించి, "చినుకులు" అంది. ఆ రోజు నేను కూడా నవ్వాను.

ఒకసారి టీ ఇస్తూ ఆ దేవత ఎలా పుట్టిందో చెప్పింది. అన్నిటికీ తల్లి అయిన దేవత చివరికి నిప్పుని కన్నదట. కనేటప్పుడు ఒళ్ళు కాలిపోయింది. చావుబతుకుల్లో పడి ఉన్న ఆ తల్లి మూత్రంలోంచి పుట్టిందట మిజుహానోమె. నేను కప్పు పట్టుకుని ఎటు చూడాలో తెలియక కిటికీలోంచి చూశాను. సండే స్కూల్లో పెరిగినవాణ్ణి, దేవతలు ఇలా పుడతారని ఎవరూ చెప్పలేదు. ఆవిడకి సిగ్గేమీ లేదు. కాలిపోయినవాళ్ళకి ముందు కావలసింది నీళ్ళే కదా, అందుకే పుట్టింది, అంది. నాకు అది ఇప్పటికీ గుర్తుంది.

ఒక కొత్త సంవత్సరం రోజు పొద్దున్నే పైపు పగిలిందని పక్కింటివాళ్ళు పిలిస్తే వెళ్ళాను. కంచె పక్కనుంచి ఆవిడ పిలిచింది. ఏడాదిలో మొదటిసారి తోడిన నీళ్ళట. ఎవరితోనూ మాట్లాడకుండా తోడాలట, తాగినవాళ్ళకి ఆ ఏడాదంతా ఆరోగ్యమట. కాచి చల్లార్చి రెండు కప్పుల్లో పోసింది. రెండో కప్పు ఎవరికోసం ఉంచిందో అడగలేదు, నాకోసమే. రెండు చేతులతో ఇచ్చింది. నేను కూడా రెండు చేతులతోనే తీసుకున్నాను. తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్ళగానే ఆ నీళ్ళు గులాబీ మొక్క మొదట్లో పోసేశాను. పాతనుయ్యి, చుట్టూ మురుగు లైన్లు, ఎవడు తాగుతాడు? ఖాళీ కప్పు చూసి ఆవిడ ఎంత సంతోషపడిందో చెప్పలేను. ఆ మాట ఆవిడ బతికుండగా ఒప్పుకోలేదు. ఇప్పుడు కాగితం మీద ఒప్పుకుంటున్నాను, ఏం లాభం?

తర్వాత కౌన్సిల్, అంటే ఇక్కడి మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. పెరట్లో తెరిచిన నుయ్యి ప్రమాదమనీ, పూడ్చాలనీ. ఆవిడ ఆ ఉత్తరం మడతలు పోకుండా నా చేతికిచ్చింది, అప్పటికే కింద సంతకం పెట్టేసి ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకు పెట్టావు, ఎదురు రాయొచ్చు కదా, ఇనప జాలీ వేయిస్తామని చెప్పొచ్చు కదా అని అరిచాను. పని చూడ్డానికి నాతో వచ్చిన బాసు వెనకనుంచి "మేట్, నెమ్మది" అంటున్నాడు. ఆవిడ నేను అరవడం పూర్తయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. పూడ్చితే తప్పు లేదు అంది. వాళ్ళ ఊళ్ళో కూడా పూడుస్తారు. ముందు ఆమెకి చెప్పి, ఉప్పూ సారా ఇచ్చి, అడుగునుంచి పైదాకా ఒక వెదురు గొట్టం నిలబెట్టి, దాని చుట్టూ మట్టి పొయ్యాలి.

"నుయ్యి పోతే పోనీ. ఆమెకి ఊపిరాడాలి. ఈ దేశం మొత్తంలో ఆమెకి నేనొక్కదాన్నే ఉన్నాను."

నేను సరే అన్నాను. పైకి సరే, లోపల నవ్వు. పెద్దావిడ సరదా, తీరుద్దాం, పోయేదేముంది? పెరట్లో ఎండబెట్టి, కణుపులు పొడిచి సిద్ధం చేసుకున్న వెదురు చూపించింది. వెదురు రెండేళ్ళలో కుళ్ళిపోతుంది, మంచి పీవీసీ వేస్తానన్నాను. నా పీవీసీ గొట్టాన్ని చేత్తో తడిమి, ఒక చివర నోరు పెట్టి ఊది చూసింది. గాలి పోతోంది. చాలంది.

పూడ్చిన రోజు ఆవిడ ఊదారంగు జపాన్ చీర కట్టింది. దాన్ని చీర అనరని తెలుసు, నాకు అలాగే కనబడింది. పూజారి లేడు కనక తనే చదివింది, తనే వంగింది, తనే చప్పట్లు కొట్టింది. బాసూ నేనూ టోపీలు తీసి పక్కన నిలబడ్డాం. తర్వాత కంకర, ఇసక, మట్టి. మధ్యాన్నానికి అయిపోయింది. బాసు ఇంకో పనికి వెళ్ళిపోయాడు. ఆవిడ లోపల టీ పెడుతోంది. నేను పైపుని జానెడు ఎత్తు ఉంచి కోశాను, అంచు నున్నగా అరగదీశాను, చుట్టూ సిమెంటు గుండ్రంగా పూశాను. చాలా శుభ్రంగా వచ్చింది.

తర్వాత, జిగురు రాసి, దాని మీద మూత పెట్టాను.

ఎవరూ చెప్పలేదు. బాసు చెప్పలేదు, కౌన్సిల్ చెప్పలేదు. పనిలో చేరిన మొదటి రోజే బాసు నేర్పిన పాఠం ఒకటుంది: నోరు తెరిచిన పైపు వదిలి ఇంటికెళ్ళేవాడు ప్లంబరు కాదు. సాలీళ్ళు దూరతాయి, ఆకులు పడతాయి. రెండేళ్ళుగా రోజూ సాయంత్రం అన్ని పైపులకీ మూతలు పెట్టి వెళ్ళడం అలవాటైపోయిన చెయ్యి. అలవాటని తప్పించుకోవచ్చు. కానీ నాకు తెలుసు, అది ఒక్క అలవాటే కాదు. ఆవిడ మాట నిజమని నేను ఒక్క క్షణం నమ్మి ఉంటే ఆ చెయ్యి ఆగేది. పైపు ఆవిడ ముచ్చట కోసం వేశాను, మూత నా పని కోసం పెట్టాను. లోపల ఊపిరి తీసుకునే మనిషో దేవతో ఉందని నా బుర్రలో లేనే లేదు. రోజూ మురుగు గొట్టాలకి వెంట్లు వేసేవాణ్ణి, మురుక్కి గాలి కావాలని తెలుసు నాకు. దేవతకి మాత్రం మూత బిగించాను.

ఆవిడ ట్రే పట్టుకుని వచ్చింది. పైపు దగ్గర ఆగింది. నేను ఎలా ఉందని అడిగాను, మెచ్చుకుంటుందని. ట్రేని గడ్డిలో దించి, మూతని వేలితో తడిమింది.

"చాలా అందంగా చేశావు" అంది.

టీ పోసింది. నేను తాగాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి గొప్పగా చెప్పాను కూడా.

ఆ తర్వాత మా బాసు పెద్ద బిల్డింగుల పని పట్టాడు. ఆ వీధికి వెళ్ళడం పడలేదు. ఫోను రాలేదు, అంతా బాగుందనుకున్నాను. ఏడు నెలలు గడిచాయి. ఒక మధ్యాన్నం మా ఆవిడ డ్యూటీ దిగి వచ్చి, "ఏవండీ, మీ నూతి మామ్మగారు మా వార్డులో ఉన్నారు" అంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట. బాగా నీరసించిందట. వేళ్ళన్నీ కోసుకుపోయి ఉన్నాయనీ, కొన్నిట్లోంచి పింగాణీ ముక్కలు తీశారనీ, ఎలా అయ్యిందని అడిగితే తోటపని అంటోందనీ చెప్పింది.

ఆసుపత్రికి వెళ్ళేముందు ఆవిడ ఇంటికి వెళ్ళాను. మనుషుల్లేని ఇల్లు, మెయిన్ వాల్వు కట్టాలి కదా, ప్లంబరు బుద్ధి. వాల్వు కట్టి, పెరట్లోకి ఒకసారి తొంగి చూశాను.

పైపు మెడ చుట్టూ గీతలు. లోతుగా కాదు, సన్నగా, వందల గీతలు, ఒకదాని మీద ఒకటి. కింద గడ్డిలో పగిలిన కప్పుల పెంకులు, అన్నం గిన్నెల పెంకులు. నాకు టీ ఇచ్చిన కప్పు మీది నీలంపువ్వు కూడా ఒక ముక్క మీద కనబడింది. ఇంట్లో కత్తుల్లేకనా? వంటింట్లో మూడున్నాయి, వీధి చివర కొట్లో రంపం బ్లేడు దొరుకుతుంది. ఇనుము ఆమెకి పడదు. అందుకని ఇంట్లో ఉన్న పింగాణీ అంతా పగలగొట్టి, ఆ పెంకులతో, ఏడు నెలలు, నా మూతని కోసింది. సగం కూడా తెగలేదు. ఎంత గట్టిగా బిగించానో నాకు తెలుసు కదా.

పక్కన పండ్ల పెట్టె చెక్క ఒకటి కట్టి ఉంది. దాని మీద గుర్రం లేదు. ఏమీ గియ్యలేదు.

వ్యాన్లోంచి రంపం తెచ్చాను. ఇనప రంపమే. తప్పని తెలుసు, వేరే దారి తెలియదు. ఆ గీతల కింద బ్లేడు పెట్టి లాగాను. రెండు నిమిషాలు పట్టలేదు. మూత ఊడి గడ్డిలో పడింది. లోపల్నుంచి గాలి వచ్చింది. చల్లగా, తడిమట్టి వాసనతో, నా అరచేతిని నెడుతూ వచ్చింది. వానకి ముందు నూతుల్లోంచి గాలి పైకి తన్నడం నేను మా ఊళ్ళో చాలాసార్లు చూశాను. దానికి కారణం కూడా చదువుకున్నాను, కావాలంటే బొమ్మ గీసి చెప్పగలను. మోకాళ్ళ మీద కూర్చుని ఉన్న నాకు ఆ చదువు దేనికీ పనికి రాలేదు.

ఆసుపత్రిలో ఆవిడని చూడగానే అరిచాను. అవును, జబ్బు మనిషి మీద, వార్డు మధ్యలో. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగుతోంది. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు.

"ఒక్క ఫోన్ చేస్తే వచ్చేవాణ్ణి కదా. ఒక్క మాట. ఏడు నెలలు ఏం చేశావు?"

ఆవిడ కట్టు కట్టిన చేతులు దుప్పటి మీద పెట్టుకుని, నేను అరవడం పూర్తయ్యేదాకా ఎప్పట్లాగే ఆగింది.

"నువ్వు అంత అందంగా చేశావు. అందంగా చేసినదాన్ని పాడు చెయ్యమని, చేసినవాడితోనే ఎలా చెప్పను?"

ఆ మర్యాదని ఏం చేసుకోను? ఆ మర్యాద మీద నాకు ఇవాళ్టికీ కోపమే. తిట్టి ఉంటే, తలుపు మొహాన వేసి ఉంటే, బాసుకి ఫిర్యాదు చేసి ఉంటే, ఆ గిన్నెలు మిగిలేవి, ఆ వేళ్ళు మిగిలేవి. నేనొకణ్ణి అరవడానికే పుట్టినట్టు ప్రతిదానికీ అరుస్తానే, నాకు ఒక్క మాట చెప్పడానికి భయమా? భయం కాదు, నా మనసు నొచ్చుకుంటుందని. నా మనసు! ఆమె ఊపిరికంటే నా మనసు ఎక్కువైందా?

కోసేశానని చెప్పాను. గాలి వచ్చిందా అని అడిగింది. వచ్చిందన్నాను. చల్లగా ఉందా అంది. చల్లగానే ఉందన్నాను. ఆవిడ మంచం మీదే తల వంచి నాకు థాంక్స్ చెప్పింది. అది నేను తట్టుకోలేకపోయాను. తర్వాత మా ఇద్దర్నీ వదిలేసి, పక్కన బల్ల మీది గ్లాసు నీళ్ళవైపు తిరిగింది. తన భాషలో మెల్లగా ఏదో చెప్పింది. ఏడు నెలలకి క్షమాపణ అని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తప్పు చేసింది నేను, క్షమించమని అడిగింది ఆవిడ. రెండుసార్లు చప్పట్లు కొట్టింది. చేతులకి కట్లు కదా, చప్పుడు రాలేదు.

ఆ వారంలోనే పోయింది. చర్చిలో పెట్టారు, అత్తగారు పెట్టిన పేరుతో ప్రార్థన చేశారు. నేను వెనక బల్లలో కూర్చున్నాను. నాకు అలవాటైన పాటలే పాడారు, నేను పుస్తకం తెరవలేదు.

ఇల్లు అమ్మేస్తారని తెలియగానే వెళ్ళి పైపు మీద ఎర్ర పెయింటుతో ఆ అక్షరాలు రాశాను. దాన్ని కొని ఫ్లాట్లు కట్టిన బిల్డరు ఇది దేనికని అడిగితే, పాతనూతిలో గాలి చేరుతుంది, మూస్తే ప్రమాదమని చెప్పాను. ప్లంబరు చెప్పాడని వదిలేశాడు. ఇక్కడ దేవత పేరు చెబితే ఎవడూ వినడు, వెంట్ అంటే చేతులు కట్టుకుని వింటారు. ఇంతకాలం అలాగే నెట్టుకొచ్చాను.

ఇక సెక్రటరీగారి దగ్గరికి వస్తాను. మూత పెట్టనన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మెత్తగానే అడిగాడు.

"ఇంతకీ ఇది దేనికి వెంటండీ?"

బిల్డరుకి చెప్పిన అబద్ధం నోటిదాకా వచ్చింది. పైపు మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. మిజుహానోమె అనే నీళ్ళ దేవత ఊపిరి పీల్చుకునే గొట్టమండీ అన్నాను. ఇక్కడున్న పెద్దావిడకి పిచ్చి లేదని కూడా చెప్పాను, ఇంకోసారి ఆ మాట అంటే బాగుండదని కూడా. ఆయన నన్ను చూశాడు, నా వ్యాను వెనక అద్దం మీద అంటించిన బైబిలు వాక్యాన్ని చూశాడు.

"మీరు క్రైస్తవులు కదండీ?"

"అయితే? క్రైస్తవులు నీళ్ళు తాగరా?"